వెనుకకు కదులు యావత్తునకు

మాణిక్యాంబ వ్యానుకి పక్కల రెండు అద్దాలున్నాయి, వెనక మొగుడున్నాడు.

ఇల్లు సందు చివర. వ్యాను తిప్పుకోవడానికి చోటు లేదు కనక రోజూ సందు పొడుగునా వెనక్కే రావాలి. ఆవిడ రివర్సు గేరు వేసిందంటే చాలు, పేర్రాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెనక్కి వెళ్ళి నిలబడేవాడు. "రానీ... రానీ... ఎడం కొట్టు... రానీ... ఆఁ, చాలు" అంటూ వ్యాను డొక్క మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. ఆ దెబ్బలు వినపడితే ఆవిడ బ్రేకు వేసేది. వానైనా ఎండైనా ఆయన ఆ పనికి నాగా పెట్టలేదు. రైసుమిల్లు మూతపడి గుమాస్తా ఉద్యోగం పోయాక ఆయనకి మిగిలిన ఉద్యోగం అదొక్కటే. ఇల్లు గడిచేది మాణిక్యాంబ వంట మీద. కాలవ అవతలి బాలికల వసతిగృహానికి మధ్యాహ్న భోజనం ఆవిడే వండి, ఆవిడే క్యాన్లకెత్తి, ఆవిడే తోలుకెళ్ళి అందిస్తుంది.

అలా సాగుతుండగా జిల్లా వాహన భద్రతా మండలి అధ్యక్షులవారు కొత్త కారు కొన్నారు.

ఆ కారుకి వెనక కెమెరా ఉంది. గేరు వెయ్యగానే ఎదుట తెర మీద తన ఇంటి గేటూ, గేటు మీద ఆరేసిన తన పంచే కనిపించేసరికి ఆయనకి ఒళ్ళు జలదరించింది. ఈ జిల్లా ప్రజలు ఇన్నాళ్ళూ వెనకేముందో చూసుకోకుండా ఎలా బతికారా అని దిగులు పట్టుకుంది. ఆయన దిగులు పడితే ఉత్తర్వు పుడుతుంది. పుట్టింది.

"వ్యాపార నిమిత్తం తిరుగు ప్రతి వాహనమునకు వెనుకచూపు కెమెరా అమర్చవలెను. అమర్చిన పిమ్మట డ్రైవరు మెడ తిప్పి వెనుకకు చూడరాదు. అట్లు చూచుట కెమెరా పట్ల అవిశ్వాసముగా పరిగణించబడును. వెనుకకు కదులు యావత్తునకు ఈ ఉత్తర్వు వర్తించును."

చివరి వాక్యం ఎందుకు రాశారో రాసినవాళ్ళకే తెలియదు. కాగితం అడుగున కాస్త చోటు మిగిలిందని రాశారంటారు.

దాని వెనకే 'వెనుకచూపు పక్షోత్సవాలు' వచ్చాయి. బడిపిల్లల చేత వెనక్కి నడిచే పోటీలు పెట్టించారు. పక్షం ఆఖరి రోజున మండలి మైదానంలో వాహనాలు పరీక్షించి సర్టిఫికెట్లు ఇస్తారు, సర్టిఫికెట్ లేని బండి ఆ మధ్యాహ్నం నుంచి రోడ్డెక్కకూడదు. వసతిగృహం వార్డెనమ్మ ముందే ఫోను చేసి చెప్పింది. "మాణిక్యాంబగారూ, మీ పులుసంటే మా పిల్లలకి ప్రాణమేనండి. కానీ సర్టిఫికెట్ లేని బండి గేటు దాటితే నా ఉద్యోగం పోతుంది. మీరు తేలేకపోతే ఆ రోజే వేరేవాళ్ళకి చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి."

కెమెరా కోసం కొట్టుకెళితే, ఉత్తర్వు వచ్చినప్పట్నుంచీ బిగింపు కూలి కెమెరాని మించిపోయిందని తెలిసింది. మాణిక్యాంబ ఉట్టి కెమెరా మాత్రం తెచ్చుకుని, ఫోన్లో వీడియోలు ముందుకీ వెనక్కీ చూసి, కర్టెను రాడ్ల కోసం కొన్న డ్రిల్లు బయటికి తీసింది.

"ఆ గోళీకాయంత దానికి ఏం కనపడుద్దే?" అన్నాడు పేర్రాజు, అరుగు మీద నుంచి.

"మీకు కనపడినంత కనపడితే చాలు."

"అది 'రానీ' అంటదా?"

"దగ్గరకొస్తే కుయ్యి కుయ్యిమంటుందిట."

"కుయ్యిమంటే మాత్రం 'రానీ' అన్నట్టవుద్దా?" అన్నాడాయన, బాగా నొచ్చుకుని.

నంబరు ప్లేటు మీద చిల్లు పెట్టి ఆవిడ కెమెరా బిగించింది. గేరు వెనక్కి వేసినప్పుడే అది వెలగాలి కనక, దాని ఎర్ర వైరు రివర్సు లైటు వైరుకి కలిపి టేపు చుట్టింది. నల్ల వైరు ఒక బోల్టు కింద నొక్కింది. అసలు తంటా బొమ్మ వచ్చే పొడుగు వైరుతో వచ్చింది. వెనక తలుపు దగ్గర నుంచి తెర పెట్టే చోటు దాకా వ్యాను పైకప్పు గుడ్డ లోపల నుంచి దాన్ని లాగాలి. వీడియోలో అబ్బాయి దానికేదో ప్రత్యేకమైన పనిముట్టు చూపించాడు. మాణిక్యాంబ వైరు చివరికి పిన్నీసు గుచ్చి, లంగాలోకి బొందు ఎక్కించినట్టు, గుడ్డ పైనుంచి తడుముతూ ముందుకి జరుపుకుంటూ పోయింది. ముందు సీటు దగ్గర పిన్నీసు తల బయటపెట్టింది.

తెర వెలిగింది. దండెం మీద ఆరేసిన నీలం చీర ఎడమవైపు ఉండాల్సింది కుడివైపు కనిపించింది.

పేర్రాజు కిటికీలోంచి తొంగి చూసి తృప్తిగా తలాడించాడు. "చూశావా మరి. ఎడమంటే కుడి చూపిస్తంది. నేనెప్పుడైనా అలా చెప్పానా?"

"మొన్న ఊరేగింపు అడ్డమొచ్చినప్పుడు చెప్పారు. బ్యాండు మేళం వాళ్ళ డోలు పోయింది."

కెమెరా వెనక ఉంగరంలా చుట్టిన సన్న వైరు కత్తిరిస్తే బొమ్మ సరిగా తిరుగుతుందని ఫోన్లో చూసింది. కత్తిరించింది. చీర తన వైపుకి వచ్చింది. "వెనక్కెళ్ళి నిలబడండి, దూరాలు సరిచూసుకుంటాను," అంది.

తెర మీద పచ్చ, పసుపు, ఎరుపు గీతలున్నాయి. ఆవిడ బొత్తాలు నొక్కుతూ కాసేపు ఆలస్యం చేసింది. అది ఇంకా పనిచెయ్యడం లేదనుకున్నాడు కాబోలు, పేర్రాజు పచ్చగీత దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. మొలలోంచి చుట్ట తీశాడు. వెలిగించాడు. రెండు దమ్ములు లాగి, పొగ నేలకేసి వదిలి, తువ్వాలుతో విసిరి, చుట్ట ఆర్పి, జేబులోంచి ఏదో తీసి నోట్లో వేసుకున్నాడు.

ఆ వేసుకున్నది లవంగం. మూడేళ్ళ కిందట అన్నవరంలో సత్యదేవుడి ముందు ఆయన చుట్ట మానేస్తానని ప్రమాణం చేశాడు. అప్పట్నుంచీ పోపులపెట్టెలో లవంగాలు ఎందుకు నిలవడం లేదో, వానలో కూడా వ్యాను వెనక ఉద్యోగానికి ఆయన నాగా ఎందుకు పెట్టడో, మాణిక్యాంబకి ఆ అరచెయ్యంత తెర మీద ఒక్కసారే తెలిసింది.

"కనపడుతుందా?" అని అరిచాడాయన.

"బాగా కనపడుతోందండి," అంది.

అనాల్సిన మాట ఒక్కటైతే అనేసేది. మూడేళ్ళ మాటలు ఒకేసారి వచ్చేసరికి దేనితో మొదలుపెట్టాలో తెలియక లోపలే ఉంచుకుంది.

పక్షం ఆఖరి రోజు ఉదయం వంట ముగించి, భోజనం వ్యానులోకెక్కించి, మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మాణిక్యాంబ మైదానానికి వెళ్ళింది. సర్టిఫికెట్ తీసుకుని అటు నుంచి అటే వసతిగృహానికి పోవాలని లెక్క. మైదానంలో షామియానా వేశారు. ముగింపు సభకి అధ్యక్షులవారు రావాలి.

పరీక్షాధికారి నరసింగరావు వ్యాను చుట్టూ ఒకసారి తిరిగాడు. అటెండరు అప్పలస్వామి గొడుగు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగాడు.

"ఈ కెమెరాను అమర్చిన సంస్థ ఏది?"

"నేనేనండి."

"సంస్థ పేరు అడుగుతున్నాను."

"సంస్థ లేదండి. నేనే బిగించుకున్నాను."

నరసింగరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, స్వయంగా అమర్చుకోవడం నిషిద్ధమని ఉత్తర్వులో లేదు. కానీ అనుమతించబడినదని కూడా లేదు. సదరు కెమెరా చూపించేది ఈ వాహనం వెనుక భాగమేననుటకు ఆధారమేమిటి?"

"వెనక బిగించానుగా అండి."

"అది మీ వాదన. వాహనం వెనుక ఒక ప్రామాణిక వ్యక్తి నిలబడి, అదే వ్యక్తి తెర మీద కనిపించినచో నిర్ధారణ అవుతుంది."

"అయితే నిలబెట్టండి బాబూ. సాంబారు చల్లారిపోతోంది."

అప్పలస్వామి గొంతు సవరించుకున్నాడు. "మన ప్రామాణిక వ్యక్తి డెప్యుటేషన్ మీద పక్క డివిజనుకెళ్ళారండి. అక్కడ ఎవరికీ వెనకాల మనిషి లేడంటండి."

"నువ్వు నిలబడు మరి," అంది మాణిక్యాంబ.

"ఆయ్, నేను ప్రామాణికం కాదండి. తాత్కాలికమండి."

నరసింగరావు పేర్రాజుని కిందనుంచి పైకి చూశాడు. కొలత సరిపోయినట్టు తోచింది. ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా భర్తను ప్రామాణిక వ్యక్తిగా పరిగణించడమైనదని ప్రకటించాడు. పేర్రాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పెళ్ళిలో పీట దొరికినవాడిలా వెళ్ళి వ్యాను వెనక నిలబడ్డాడు. తెర మీద ఆయన కనిపించాడు. అందరూ అంగీకరించారు.

"వాహనాన్ని కొంచెం వెనుకకు నడపండి."

మాణిక్యాంబ గేరు వేసింది. పేర్రాజుకి అలవాటు. "రానీ... రానీ... రానీ..." అంటూ వ్యాను వస్తున్నకొద్దీ తాను కూడా ఒక్కో అడుగు వెనక్కి వేశాడు.

"ఆపండి," అన్నాడు నరసింగరావు.

వ్యాను ఆగింది. పేర్రాజు ఆగాడు.

"ఈయన వెనుకకు కదిలారు."

"కదలకపోతే వ్యాను కింద పడతారు కదండీ," అంది మాణిక్యాంబ కిటికీలోంచి.

"అది వేరే శాఖ. వెనుకకు కదులు యావత్తునకు ఈ ఉత్తర్వు వర్తించును. యావత్తులో ఈయన ఉన్నారా, లేరా?"

అప్పలస్వామి కాసేపు ఆలోచించి, "ఉన్నారండి," అన్నాడు.

"ఈయనకు వెనుక కెమెరా ఉన్నదా?"

పేర్రాజు కంగారుగా వెనక్కి తడుముకున్నాడు. లేదు.

"అంతేగాక, ఈయన మెడ తిప్పి వెనుకకు చూడటం నేను గమనించాను. ఫిట్‌నెస్ లేనిదే ఈయన వాహనం వెనుక ఉండరాదు. ఈయన వెనుక లేనిదే కెమెరా నిర్ధారణ కాదు. ముందు ఈయనకు పరీక్ష జరగాలి."

మాణిక్యాంబ వాచీ చూసుకుంది. కొట్లాటకి దిగితే మధ్యాహ్నం అవుతుంది, మధ్యాహ్నం అయితే వసతిగృహం పోతుంది. "చెయ్యండి బాబూ, వేగిరం చెయ్యండి," అంది.

పేర్రాజుని చెట్టు నీడకి తీసుకెళ్ళి పరీక్షించారు. హారన్ కొట్టమంటే దగ్గాడు. శబ్దం పరిమితిలోనే ఉందన్నారు. లైట్ల బదులు కళ్ళు చూసి, కుడిదానికి పొర వస్తున్నట్టుంది, పగటిపూట తిరగడానికి అభ్యంతరం లేదన్నారు. చెప్పులు తిరగేసి అరుగుదల చూశారు. వైపర్ ఏదంటే ఆయనే బుద్ధిగా తువ్వాలు చూపించాడు. వీపుకి కెమెరా అప్పటికప్పుడు అసాధ్యం కనక, మాణిక్యాంబ హ్యాండుబ్యాగులోని దువ్వెనకున్న అద్దాన్ని ఆయన చెవి దగ్గర పట్టుకుని చూస్తే సమ్మతమేనని సడలింపు ఇచ్చారు. పేర్రాజు మొహం వెలిగిపోతోంది. మిల్లు మూతపడ్డాక ఆయనలో ఇన్ని సంగతులు ఉన్నాయని ఎవరూ చూడలేదు.

"చివరిగా పొగ," అన్నాడు నరసింగరావు.

ఆ మొహం ఆరిపోయింది.

అప్పలస్వామి మిషను గొట్టం తెచ్చి, "నోరు తెరవండి, లోపల్నుంచి ఊదండి," అన్నాడు. పేర్రాజు పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాడు. మిషను ఊరికే వదల్లేదు. ఆయన పెదాల సందులోంచి జారిన కొసరు గాలికే కీచుమని అరిచి, ఎర్రదీపం వెలిగించింది.

"పరిమితికి మించినది," అని నమోదు చేయించాడు నరసింగరావు. "ఇంధనం నాటు రకం. దానిలో లవంగ మిశ్రమం కలదు."

"పొగెలా వచ్చిందండీ?" అంది మాణిక్యాంబ, ఎంతో మెత్తగా.

"పొద్దున్న నీ పొయ్యి దగ్గర కూచున్నాను కదే మాణిక్యం. ఆ పొగే అయ్యుంటది."

"మనది గ్యాసు పొయ్యండి."

పేర్రాజు అద్దం చెవి దగ్గర పెట్టుకుని వెనక్కి చూశాడు. ముందుకి చూడటం కన్నా అదే నయంగా ఉన్నట్టుంది.

ఆయన ఫెయిలయ్యాడు. ఆయన ఫెయిలైతే కెమెరా ఫెయిలు, కెమెరా ఫెయిలైతే వ్యాను ఫెయిలు. వార్డెనమ్మ ఫోను చేసింది. "పిల్లలు కంచాలు పట్టుకుని కూచున్నారండీ. వచ్చేస్తున్నారా, వేరేవాళ్ళకి చెప్పేయనా?" అంది. కాసేపు ఆగమని బతిమాలి మాణిక్యాంబ ఫోను పెట్టేసింది. ఇంత వంట చేసి, ఇంత వైరు లాగి, మూడేళ్ళు దాచిన చుట్ట దగ్గర బతుకు ఆగిపోయిందే అనుకుంటే ఆవిడకి ఏడుపూ వచ్చింది, మొగుణ్ణి చూస్తే నవ్వూ వచ్చింది. రెండూ బయటికి రానివ్వలేదు.

అంతలో మైదానం ముందు మేళం మోగింది. అధ్యక్షులవారు సతీసమేతంగా విచ్చేశారు. కొత్త కారుని వేదిక దాకా తెచ్చి, మూతి వేదికకి ఆనించి నిలిపారు. దాని కెమెరాకి పూజ చేసి, ఆ కారే ముందుండి వెనక్కి నడుస్తూ ర్యాలీ బయల్దేరదీయాలని కార్యక్రమం. అర్చకుడు కొబ్బరికాయ కొట్టాడు. పళ్ళాలూ హారతులూ అయ్యాక, కెమెరా అంటే కన్నే కదా అని, ఆ కంటికి నిండుగా గంధం రాసి, మీద బొటనవేలితో కుంకుమబొట్టు పెట్టాడు. జిల్లాలో ఉన్న పురోహితులందరూ ఆ పక్షం రోజులూ కొత్త కెమెరాలకి అదే చేశారని తరవాత తెలిసింది.

అధ్యక్షులవారు కారెక్కారు. డ్రైవరు గేరు వేశాడు.

"సార్, తెరంతా ఎర్రగా వచ్చేసిందండి," అన్నాడు.

నరసింగరావు పరుగున వెళ్ళాడు. "ఎర్రగీత అంటే ప్రమాదం. తెర మొత్తం ఎర్రనైతే ప్రమాదం మొత్తం వెనకే ఉన్నట్టు. కదలవద్దు."

"వెనక ఏమీ లేదు సార్, మేక కూడా లేదు," అని ఎవరో అరిచారు.

"ఎవరది మెడ తిప్పింది?"

జనం మెడలు సర్దుకున్నారు. కారు ముందుకి పోవాలంటే వేదిక, వెనక్కి పోవాలంటే ఎరుపు. అధ్యక్షులవారి భార్య విసనకర్ర అడిగింది. అధ్యక్షులవారు ఉపసంఘం వెయ్యమన్నారు. వేశారు. మెడ తిప్పకుండా వెనక పరిస్థితిని అధ్యయనం చెయ్యడమెలాగో సభ్యులకి పాలుపోలేదు.

మాణిక్యాంబ ముందుకొచ్చింది. "కెమెరా మీద బొట్టుందండి. తుడిచేస్తే సరిపోతుంది."

అర్చకుడు చెవులు మూసుకున్నాడు. "శివ శివా. పక్కన ముత్తయిదువ కూచుని ఉండగా బొట్టు తుడవడమా? తల్లీ, ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు."

కారులోంచి అధ్యక్షులవారి భార్య గొంతు వినిపించింది. "ఎవరైనా దాని జోలికొస్తే ఊరుకోను."

అంతటితో తుడవడమనే దారి మూసుకుపోయింది. మాణిక్యాంబ నరసింగరావుని పక్కకి పిలిచింది. "మా ఆయన వెనక నిలబడి 'రానీ' అంటే కారు వచ్చేస్తుందండి. ఆయనకి అలవాటే. కాకపోతే ఆయనకి సర్టిఫికెట్ లేదుగా. లేనివాడు వెనక్కి కదిలితే మీకే మాట వస్తుంది."

"పొగ ఎక్కువైనది కదమ్మా."

"అదీ నిజమేనండి. అయితే మేం వెళ్ళొస్తాం. అధ్యక్షులవారికి ఎండ తగలకుండా చూడండి."

నరసింగరావు మైదానాన్ని చూశాడు, కారుని చూశాడు, తన మిగిలిన ఉద్యోగకాలాన్ని కూడా కాస్త చూసుకున్నట్టున్నాడు. అప్పలస్వామి వీపు మీద కాగితం పెట్టి గబగబా రాసి, ముద్ర వేశాడు.

పేర్రాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కారు వెనక్కి వెళ్ళాడు. చెవి దగ్గర అద్దం పట్టుకున్నాడు. "రానీ... రానీ... రానీ బాబూ, భయపడకు... కుడి కొట్టు... రానీ..." అధ్యక్షులవారి కారు అడుగు అడుగుగా వేదిక నుంచి ఊడి వచ్చింది. "ఆఁ, చాలు" అంటూ పేర్రాజు దాని డొక్క మీద రెండు దెబ్బలు వేశాడు. అధ్యక్షులవారు ఉలిక్కిపడి, అది కారు హెచ్చరిక వ్యవస్థ అనుకుని చాలా మెచ్చుకున్నారు. జనం చప్పట్లు కొట్టారు.

సర్టిఫికెట్ చదువుకుంటూ మాణిక్యాంబ వ్యానెక్కింది. తొందరలో ఒక్క కాగితమే రాశారు కనక రెండూ అందులోనే ఇమిడ్చారు. వాహనము: పేర్రాజు. అనుబంధ పరికరము: కెమెరా సహిత వ్యాను ఒకటి, ముందువైపు. షరతు: సదరు వాహనము ప్రతి నెలా పొగ పరీక్షకు హాజరు కావలెను, తప్పినచో అనుబంధ పరికరము రోడ్డుపై తిరగరాదు.

వార్డెనమ్మ గేటు దగ్గర దాన్ని రెండుసార్లు చదివింది. ముద్ర ఉందా లేదా చూసుకుని గేటు తీయించింది. సాంబారు పూర్తిగా చల్లారలేదు.

తిరిగొస్తుంటే వెనక ఖాళీ క్యాన్లు గలగలమంటున్నాయి.

"ఎప్పుడు చూశావు?" అన్నాడు పేర్రాజు.

"బిగించిన రోజే."

"మరి అడగలేదే?"

"దేవుడికిచ్చిన మాటే నిలవలేదు. నేనడిగితే నిలుస్తుందా?" అంది. "ఇప్పుడు గవర్నమెంటు అడుగుతోంది. నెలనెలా ఊదాలి. మీరు ఫెయిలైతే నా పొయ్యి ఆరుతుంది. ఇక మీ ఇష్టం."

పేర్రాజు మొలలోంచి చుట్ట తీసి, కాలవ దాటుతుంటే నీళ్ళలోకి విసిరేశాడు. ఆవిడ చూడనట్టు రోడ్డు చూసింది.

మర్నాడు ఉదయం సందులోంచి వ్యాను వెనక్కి వస్తోంది. తెర మీద పేర్రాజు నిండుగా ఉన్నాడు. రెండు చేతులూ ఆడిస్తూ, ప్రభుత్వ గుర్తింపు పొందిన గొంతుతో "రానీ... రానీ..." అంటున్నాడు. వ్యాను మలుపు దగ్గరికి వచ్చింది. డొక్క మీద రెండు దెబ్బలు పడ్డాయి. తరవాత తెర మీద ఆయన మెల్లగా ఎడమ పక్కకి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. పచ్చగీత దాటి, బొమ్మ అంచు దాటి, తువ్వాలు కొస మాత్రం మిగిలేదాకా జరిగాడు. కాసేపటికి ఆ ఖాళీ తెర మీదుగా సన్నగా, నీలంగా ఏదో తేలుతూ పోయింది.

అమర్చిన కెమెరా దిశ మార్చరాదని సర్టిఫికెట్ వెనక నిబంధన ఉంది. ఆ సాయంత్రం మాణిక్యాంబ స్క్రూడ్రైవరు తెచ్చుకుని, దాన్ని ఎడమ వైపుకి బాగా తిప్పి బిగించింది. తిప్పాక వంటింట్లోకి వెళ్ళి, పోపులపెట్టెలోని లవంగాలన్నీ మూటకట్టి, తన బియ్యం డబ్బా అడుగున పెట్టుకుంది.